రాజకంఠము నుండి పిండిసంచి వఱకు

లేసుల దుకాణములో అట్టముక్కలకు చుట్టి అమ్మెడి నాడాల నడుమ, పాము ప్రాకిన జాడవలె కుడికి నొకసారి ఎడమకు నొకసారి వంపులు తిరుగుచు పోవు సన్నని పట్టె యొకటి కనబడును. మన దర్జీలు దానిని జిగ్‌జాగ్ లేసు అందురు. అమెరికా దేశపు స్త్రీలు రిక్‌రాక్ అందురు. అది పసిపిల్లల గౌను అంచునకు గాని, వంటయింటి తెరకు గాని ఒక వరుస కుట్టి మఱచిపోవలసిన వస్తువే యని సామాన్యముగా అందఱును తలంతురు. ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యుండునా యని అడుగువారికి, దీని పూర్వులు ఇంగ్లండు రాజు మెడచుట్టును అలంకరించి యుండిరనియు, దీని కడపటి నివాసము గోధుమపిండి సంచులతో కుట్టిన బొంతయనియు చెప్పినచో, ఆ నడుమ నున్న మూడువందల యేండ్ల దారి యెట్టిదో తెలిసికొనవలెనను కుతూహలము కలుగక మానదు.

బొంత యనునది అవసరము కన్నది. పాతచీరలు పొరలుపొరలుగా పఱచి, కదలకుండ నిలువునను అడ్డమునను కుట్లు వేసి, చలికాలమునకు సిద్ధము చేసికొనుట మన యిండ్లలో ఎట్టిదో, పైబట్టకును అడుగుబట్టకును నడుమ దూదిపొర పెట్టి మూటిని కలిపి కుట్టుట పాశ్చాత్య దేశముల యిండ్లలోను అట్టిదే. వెచ్చదనమునకు దూది కావలెను, పొరలు కలిసి యుండుటకు కుట్టు కావలెను. వంకరలు తిరిగిన పట్టె యొకటి దానికి ఏ వెచ్చదనమును చేర్చదు. అయినను, బొంతకు బట్టముక్కలు సైతము కొనలేని స్త్రీలు కొన్ని సెంట్లు పెట్టి ఆ పట్టెను కొనిరి. ఆ కొనుగోలునకు గల కారణమే ఈ వ్యాసమునకు విషయము.

మొనదేలిన అంచు మీద మానవుని కెందులకో అనాదిగా మక్కువ. గద్వాల చీర కోటకొమ్మ అంచు చూచినను, గుడిప్రాకారముపై కొమ్ములు చూచినను, ముగ్గు చుట్టు తీర్చిన త్రికోణముల వరుస చూచినను ఆ మక్కువయే కనబడును. ఐరోపాలో పదునాఱవ శతాబ్దిని ఇది దారముతో రూపు దాల్చెను. వెనీసు నగరమున సూదితో, ఫ్లాండర్సు పట్టణములలో చిన్నచిన్న కండెలతో అల్లిన లేసు, గాలిలో వ్రాసిన ముగ్గువలె బట్ట ఆధారము లేకయే నిలుచునట్టిది, రాజాస్థానములకు చేరెను. ఆంట్వెర్పులో 1599 లో జన్మించిన చిత్రకారుడు ఆంథొనీ వాన్ డైక్ 1632 లో లండను చేరి, మొదటి ఛార్లెసు రాజునకు ఆస్థాన చిత్రకారుడై, ఆ రాజును ఆయన పరివారమును ఎన్నియో పటములలో చిత్రించెను. రోముననున్న శిల్పి బెర్నీని చూచి పాలరాతి ప్రతిమ చెక్కుటకై, రాజు ముఖమును మూడు దిక్కులనుండి ఒకే పటమున చిత్రించి పంపిన సంగతి ప్రసిద్ధము. ఆ పటమున మూడు ముఖముల క్రిందను భుజముల వఱకు పఱచుకొన్న లేసు పట్టీలను చూచినవాడు ముఖములను ఒక క్షణము మఱచును. 1649 లో ఆ కంఠమునకు గొడ్డలి వ్రేటు తప్పలేదు గాని, ఆ కంఠమును చుట్టిన లేసు మొనలు మాత్రము బ్రదికి, చిత్రకారుని పేరు పెట్టుకొని, తరువాతి శతాబ్దిలో గౌను అంచునైనను మంచపు తెర అంచునైనను మొనలుగా కత్తిరించుటకు 'వాన్‌డైక్' అను మాటయే రూఢి యయ్యెను.

ఆ లేసు అల్లిన స్త్రీల మాటయు ఇచట చెప్పవలెను. ఎండిన గాలికి సన్నని నారదారము తెగునని, వారిని తేమగల నేలమాళిగలలో కూర్చుండబెట్టి పని చేయించిరని చెప్పుదురు. చూపు మందగించువఱకు వారల్లిన మొనలను ధరించినవారు వేఱు. అల్లినవారి మెడ నవి యెన్నడును చేరలేదు. రాజు పటమున ఆ పట్టీలు ఎంత మెఱసినను, ఆ మెఱపు వెనుకనున్న ఈ చీకటిని నేను మఱువలేను.

ఇదే కాలమున బొంతల చరిత్రలోనికి తెలుగుదేశము ప్రవేశించుచున్నది. మచిలీపట్టణము మొదలైన కోరమాండల్ రేవులనుండి పడవలకెక్కిన అద్దకపు బట్టలు, చిరువేరుతో ఎఱ్ఱని రంగు పట్టించి ఎన్నిసార్లు ఉతికినను వెలవెలబోనివి, ఇంగ్లండు పడకగదులను ముట్టడించినవి. వెస్ట్‌మోర్లండు సీమలోని లెవెన్సు హాలు అను పురాతన భవనమున, 1708 ప్రాంతమున కుట్టినదని పరంపరగా చెప్పబడు అతుకులబొంత మన దేశపు అద్దకపు బట్టల ముక్కలతోనే కూర్చినది. ఆ దేశమున మిగిలియున్న అతుకులపనులలో మిక్కిలి పాతవాటిలో దానిని లెక్కింతురు. తమ నేతగాండ్రకు నష్టమని 1721 లో పార్లమెంటు అచ్చుబట్టల వాడుకనే నిషేధించుటచే, అప్పటికే ఇండ్ల నున్న మన బట్టల ముక్కలకు విలువ పెరిగినదని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ బట్టలలోని పూవులను, పక్షులను, చెట్లకొమ్మలను విడివిడిగా కత్తిరించి తెల్లని గుడ్డమీద కుట్టుకొను అలవాటు కూడ స్త్రీలలో వ్యాపించెను. కలముతో మచిలీపట్టణపు అద్దకపువాడు తీర్చిన పూవు, అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికాలో ఒక పెండ్లిబొంత నడుమ నిలిచినప్పుడు, దాని చుట్టును త్రికోణములను వరుసగా పేర్చి ఱంపపుపండ్ల అంచు కుట్టుట అచట ఒక ఆచారమయ్యెను. లేసు కొనలేనివారు బట్టముక్కతోనే మొనలు సాధించిరన్నమాట. కాని త్రికోణముల మొనలు చెదరక కుట్టుట సులభము కాదు. నూఱు మొనలకు నూఱుసార్లు కొలత, నూఱుసార్లు మడత.

ఆ నూఱు మొనలను గజములకొలది ఒక యంత్రము ఉమ్మివేయుటకు కావలసిన ఊహ, చిత్రముగా, కోలాటమును పోలినదని చెప్పవచ్చును. మన జడకోపు కోలాటములో నడుమ నొక స్తంభమునుండి వ్రేలాడు రంగురంగుల త్రాళ్ళను పట్టుకొని ఆటగాండ్రు ఒకరి లోపలినుండి ఒకరు, ఒకరి వెలుపలినుండి ఒకరు తిరుగగా త్రాళ్ళు జడగా అల్లుకొనును. ఇంగ్లండు పల్లెలలో వసంతకాలపు స్తంభనృత్యము ఇట్టిదే. మనుష్యులకు మాఱుగా దారపు కండెలను నిలిపి, వాటిని ఎనిమిది అంకెవంటి దారులలో త్రిప్పు యంత్రమునకు మాంచెస్టరులో 1748 లో థామస్ వాల్‌ఫర్డు పేర పేటెంటు హక్కు లభించెను. కొలది కాలమునకే ఆ విద్య జర్మనీలోని బార్మెన్ పట్టణము చేరి, అచట వేళ్ళూని, నాడాలు, పట్టెలు, లేసులు అనినంతనే బార్మెన్ సరకు అనునంతటి ఖ్యాతి నార్జించెను. 1820 లో ఫ్రెడరిక్ ఎంగెల్సు జన్మించినది ఈ పట్టణమందే. ఆయన పూర్వులు నూలు చలువచేసి, పట్టెలును లేసులును చేయించిన వ్యాపారులు. శ్రామికుల బ్రదుకుపై లోకమును కదిలించిన రచయిత ఊయలతొట్టి వద్దనే నాడాల యంత్రములు సడి చేయుచుండెననుట నాకు సామాన్యమైన విషయముగా తోపదు.

వంకర యెట్లు పుట్టును? వెడల్పుపట్టె అల్లునపుడు కండెలు గుండ్రముగా పూర్తిగా తిరుగక, ఒక అంచు వద్దకు పోయి మఱల రెండవ అంచునకు తిరిగివచ్చును. ఆ కండెలలో కొన్నింటి పోగును మిగిలినవాటికన్న బిగువుగా పట్టియుంచినచో, ఆ బిగువుపోగులు కుడి అంచున నున్నంతసేపు ఆ ప్రక్క కుదించుకొని పట్టె అటు వంగును. అవి ఎడమకు పోగానే ఇటు వంగును. ఈ రీతిగా లాగుటయు వదలుటయు తప్ప మఱి యే కత్తెరయు ఏ మడతయు లేకయే మొనలు ఏర్పడును. కత్తిరింపని మొన గనుక దానికి పోగులూడు భయము లేదు. రాజుగారి లేసులో నెలల శ్రమకు ఫలమైనది ఇచట దారముల తగవుచేత క్షణములలో తీఱును.

పేరు మాత్రము మెల్లగా స్థిరపడెను. పందొమ్మిదవ శతాబ్ది నడిమికాలము దాటిన పిమ్మట అమెరికా, ఇంగ్లండు దేశముల స్త్రీల పత్రికలు దీనిని తరంగనాడా యను అర్థము వచ్చు పేర్లతో పిలిచి, దాని మొనలకు క్రోషె సూదితో అల్లిక చేర్చి దిండుగలీబుల అంచులు చేయు విధానములు ప్రకటించెను. 1880 దశకమున 'రిక్‌రాక్' అను మాట అచ్చులో కనబడుచున్నది; లాగుట, సాగదీయుట అను అర్థముగల ధాతువునకు జంటపలుకు చేర్చగా పుట్టిన శబ్దమిది. మన గలగల, జలజలలవలె పేరులోనే వస్తువు కదలిక వినబడును: ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు.

లేసునకు బదులుగా యంత్రపు నాడా ఒక దారి యైనచో, లేసును చవుకగా పొందుటకు లోకము కనిపెట్టిన రెండవ దారి మన గోదావరి తీరమునకు వచ్చినదని చెప్పక తప్పదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీ కుటుంబముల స్త్రీలు నేర్పిన క్రోషె అల్లిక నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల పల్లెలలో పరిశ్రమగా పెరిగెను. దారపు పూవులను వేఱువేఱు చేతులు అల్లగా, వాటిని అతికి మంచపు దుప్పట్లు చేసి ఓడలకెక్కించిరి. జర్మను పరిశోధకురాలు మరియా మీస్ 1982 లో ప్రకటించిన గ్రంథమున, ఆ స్త్రీలు రోజంతయు శ్రమించుచున్నను వారి పనికి 'తీరిక వేళల కాలక్షేపము' అను పేరు పెట్టి కూలిని ఎట్లు కుదించిరో చూపినది. తమ చేతిపూవులు పఱచిన మంచము నెవరు వాడుచున్నారో ఆ స్త్రీలు ఎఱుగరు. ఫ్లాండర్సు నేలమాళిగ నుండి నరసాపురపు అరుగు వఱకు ఇదే వరుస. ఈ వరుసలో రిక్‌రాక్ ఎచట భేదించినదో చూచుటకే ఇంతదూరము వచ్చితిమి.

1876 లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన శతవార్షిక ప్రదర్శనమునందు జపాను శాలను చూచిన అమెరికా స్త్రీలకు, సమరూపమైన అతుకులు తప్పనిసరి కావనియు, పగిలిన పింగాణివలె వంకరటింకర ముక్కలలోను అందమున్నదనియు తోచినదని చరిత్రకారులు చెప్పుదురు. తరువాతి దశాబ్దమంతయు 'పిచ్చిబొంత'ల వ్యామోహము. పట్టు, మఖమలు, రిబ్బను, చుట్టలకట్టలకు కట్టిన పసుపుపచ్చని పట్టునాడాలు, ఏది దొరికిన అది, ఒకదానిపై నొకటి వాలునట్లు అతికి, అతుకు కనబడకుండ ఈకలవంటి కుట్లును చేపముండ్లవంటి కుట్లును వేసిరి. ఇచటనే నాడాకును లేసునకును బొంతలో శాశ్వతస్థానము దొరికినది. ఏలయనగా తెగిన అంచును కప్పవలెనను అవసరమును, కప్పినది కంటికింపుగా నుండవలెనను కోరికయు ఒకే కుట్టులో తీఱినవి. ఐతే ఈ పిచ్చిబొంతలు పడుకొనుటకు కావు. బైఠకుగదిలో సోఫాపై పఱచి అతిథులకు చూపుటకు చేసినవి. వీటిలో నేర్పు అపారము. కాని, నా మనస్సునకు వీటికన్న తరువాతి దీనబొంతలే దగ్గఱ.

ఆ దీనబొంతలకు దారి వేసిన ఇరువురు స్త్రీలను స్మరింపవలెను. 1900 లో బెర్తా కార్బెట్ అను చిత్రకారిణి పెద్ద ఎండటోపీలో ముఖము దాచుకొన్న పసిబాలికల బొమ్మల పుస్తకమును ప్రకటించెను. ఆ టోపీబాలిక కొలదికాలములోనే పిల్లల బొంతలపై కుట్టుబొమ్మ యయ్యెను. మేరీ వెబ్‌స్టరు 1911 లో ఒక ప్రసిద్ధ మహిళాపత్రికలో తన పూలబొంతలను రంగులలో ముద్రింపించి, 1915 లో అమెరికాలో బొంతల చరిత్రకు మొదటి గ్రంథమును వ్రాసెను. ఈలోగా 1897 లో స్థాపితమైన రైట్ వంటి సంస్థల నాడాలును, ఐమూలగా కత్తిరించి మడచిన అంచుపట్టెలును అట్టలకు చుట్టబడి పల్లె అంగళ్ళకు సైతము చేరినవి.

ఆపై పిండిసంచుల కాలము. 1925 లో సెయింట్ లూయీ నగరపు ఒక పిండిమర 'గింగమ్ గర్ల్' అను పేర గళ్ళబట్ట సంచులలో పిండి అమ్ముట ప్రారంభించెను. తెల్లని సంచులను విప్పి వాడుకొనుట అంతకు పూర్వమే కలదు; కాని సంచియే రంగుబట్ట యగుటతో, పిండి కొనునది భర్త యైనను ఏ సంచి తేవలెనో చెప్పునది భార్య యయ్యెను. 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యమున ఈ సంచులు లక్షలాది యిండ్లకు బట్టలకొట్లయినవి. దాణాసంచి విప్పినచో గజము పొడవును దానికి కొంచెము మించిన వెడల్పును గల గుడ్డ దొరకును. మీది అచ్చుముద్ర పోవుటకు పందికొవ్వును కిరసనాయిలును పూసి నానబెట్టి ఉతికెడివారు. సంచినోరు కుట్టిన దారమును సైతము ఊడదీసి ఉండచుట్టి బొంతకుట్టునకు దాచుకొనెడివారు. అంతయు ఊరకయే లభించిన యా బొంతలో, ఆ స్త్రీ కాసు పెట్టి కొన్నది రిక్‌రాక్ ఒక్కటియే. ఎఱ్ఱనిదో, పసుపుపచ్చనిదో, ఒకటి రెండు గజములు. మిగిలినదంతయు ఆమెకు దక్కినది. ఇది ఆమె కోరుకొన్నది.

దానిని బొంతలో వాడిన తీరులు చూడముచ్చటైనవి. కుట్టుబొమ్మ పూవునకు కాడ కావలెనన్నచో ఆకుపచ్చని వంకరపట్టెను నిలువున పెట్టి నడుమ నొక కుట్టు వేసినచో గాలికి ఊగునట్టి కాడ సిద్ధము. పళ్లెమువలె గుండ్రముగా ఱేకులు పేర్చు 'డ్రెస్‌డెన్ ప్లేట్' బొంతలో ఱేకుల అంచు క్రిందికి సగము పట్టెను దూర్చినచో, పైకి సగము మొనలు మాత్రమే కనబడి పూవునకు కేసరములు మొలచినట్లుండును. రెండు రంగుల పట్టెలను వంకరలో వంకర దూర్చి మెలివేసినచో జడ యగును. ఒక పట్టెను చుట్టచుట్టి అడుగున కుట్టు వేసినచో గులాబి యగును. టోపీబాలిక గౌను అంచునకు ఒక వరుస కుట్టుట అన్నిటికన్న సులభము, అన్నిటికన్న ప్రచారము పొందినది. అయితే పనితెలిసినవారు దీనిని మితముగానే వాడిరి. ముందుగా తడిపి ఆఱవేయక కుట్టినచో తొలి ఉతుకునకే నాడా కుదించుకొని క్రింది బట్టను ముడుతలు పెట్టును. ముదురు ఎఱుపు రంగు ప్రక్కనున్న తెలుపులోనికి దిగును. నడుమ మాత్రమే కుట్టినచో మొనలు లేచి ముడుచుకొనును, మొనమొనకు కుట్టు వేయుటకు ఓపిక చాలదు. మూడు పొరలను కలిపి చేతికుట్టు వేయునపుడు నాడా మందము సూదిని అడ్డగించును. అందుచేతనే పెద్దమంచపు బొంతలకన్న ఉయ్యాల బొంతలలోను, బొమ్మల పక్కలలోను ఇది హెచ్చుగా కనబడును.

ఫ్లారిడాలోని సెమినోల్ ఆదివాసుల కథ వేఱు. చేతితో త్రిప్పు కుట్టుమిషనులు పందొమ్మిదవ శతాబ్ది చివర వారి నివాసములకు చేరగా, ఇరువదవ శతాబ్ది తొలిదశాబ్దములలో వారి స్త్రీలు రంగుపేలికలను కత్తిరించి, మఱల కూర్చి, అడ్డపట్టెలుగా కుట్టు అపూర్వమైన అతుకులపనిని సృష్టించిరి. ఆ పట్టెకును ఈ పట్టెకును నడుమ రిక్‌రాక్ వరుసలు నిలిచినవి. 1928 లో చిత్తడినేలల మీదుగా బాట పూర్తియై యాత్రికులు రాగా ఆ దుస్తులకు బేరము పెరిగెను. అవి బొంతలు కావు గాని, తరువాతి బొంతల వారు ఆ పేలికల లెక్కను వారినుండి నేర్చుకొనిరి.

1933 లో షికాగో ప్రపంచ ప్రదర్శనము సందర్భమున సియర్సు కంపెనీ నడిపిన బొంతల పోటీకి ఇరువదినాలుగు వేలకు పైగా బొంతలు వచ్చినవి. వేయి డాలరుల ప్రథమబహుమానము కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టను నగరములోని ఒక వర్తకురాలికి దక్కెను. ఆ బొంత అమెరికా అధ్యక్షుని పత్ని ఎలినార్ రూజ్వెల్టునకు కానుకగా పోయెను. దానిని కుట్టినది ఆ వర్తకురాలు కాదనియు, స్వల్పమైన కూలికి ఇతర స్త్రీలు కుట్టిరనియు తరువాత పరిశోధకులు తేల్చిరి. ఫ్లాండర్సు కథయే మఱల వినవచ్చుచున్నది. 1971 లో న్యూయార్కు విట్నీ మ్యూజియము గోడలకు అమెరికా బొంతలను వర్ణచిత్రములవలె వ్రేలాడదీయుటతో బొంతకు కళాలోకమున గౌరవము లభించినది. కాని అచట ఎన్నికైనవి గీతల పొందికయు రంగుల గాంభీర్యమును గల అతుకుల బొంతలు. టోపీబాలికలకును వంకరనాడాలకును అట్టి గోడ దక్కలేదు. అవి చిల్లర ముచ్చట్లని పెద్దలు భావించిరి కాబోలు. నే నట్లు భావింపను.

ఏలయనగా, ఆ మొనల వంశమంతటిలోను కుట్టినవారే కాసు పెట్టి కొని దక్కించుకొన్న అంచు ఇదొక్కటియే. ఉయ్యాలబొంత యొకటి తలచుకొందును: పూలసంచి ముక్కతో గౌను, నీలిసంచి ముక్కతో టోపీ, గౌను అంచున జానెడు ఎఱ్ఱని రిక్‌రాక్. సంచి మీది అచ్చుముద్ర పూర్తిగా పోక, అడుగుబట్టపై పిండిమర పేరులోని రెండక్షరములు లీలగా నున్నవి. తల్లి దీపము తగ్గించి పోయిన పిమ్మట, నిద్రపట్టని బిడ్డ చూపుడువ్రేలు చీకటిలో ఆ మొనలను ఒక్కొక్కటే తడవుచు, ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు, గౌను ఈ కొననుండి ఆ కొనకు నడచుచుండును.